ఆకు రాలుతుంటే ఏం చూడాలి, ఏం చేయాలి: మొక్క హార్మోన్ల లెక్క తెలిసి పని చేయడం ఎలా

పైరులో ఆకు రాలడం మొదలవగానే చాలామంది మందు సీసా కోసం వెతుకుతారు. అంతకంటే ముందు రాలిన ఆకును చేతిలోకి తీసుకుని దాని కాడ మొదలు చూడాలి. ఆకు ఎందుకు ఊడిందో చెప్పే ఆనవాలు సగం అక్కడే దొరుకుతుంది. మిగతా సగం గత పది రోజుల్లో వేరు దగ్గర, గాలిలో ఏం జరిగిందన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఈ రెండూ తేలాకే మందు పనికొస్తుందా లేదా అన్న మాట వస్తుంది. చాలాసార్లు పనికిరాదు. అది ఎందుకో తెలియాలంటే కాడ మొదట్లో జరిగే పని కొంచెం తెలిసి ఉండాలి.

కాడ మొదట్లో జరిగే పని

ఆకు కాడ కొమ్మకు అతికే చోట కొన్ని వరుసల చిన్న చిన్న కణాలు ఉంటాయి. చుట్టుపక్కల కణాల కంటే ఇవి చిన్నవి. దీన్ని విడిపోయే పొర అందాం. పచ్చగా ఉన్న ఆకు రేకు, అంటే కాడ పోగా మిగిలే వెడల్పాటి భాగం, ఆక్సిన్ అనే హార్మోన్ తయారు చేసి కాడ గుండా కిందికి పంపుతూ ఉంటుంది. ఆ ధార ఆగకుండా వస్తున్నంత కాలం ఈ పొర కదలదు. కాస్త ఇథిలీన్ తగిలినా తట్టుకుంటుంది.

ఆకు ముదిరినా, నీడ పడినా, తెగులు సోకినా, పోషకాలు అందకపోయినా ఆక్సిన్ ధార సన్నబడుతుంది. అప్పుడు విడిపోయే పొర ఇథిలీన్‌కు లొంగడం మొదలుపెడుతుంది. ఇథిలీన్ వాయు రూపంలో ఉండే హార్మోన్. అది తగలగానే ఈ పొరలోని కణాలు సెల్యులేజ్, పాలీగెలాక్టురోనేజ్ అనే ఎంజైములను తయారు చేస్తాయి. కణానికీ కణానికీ మధ్య సిమెంటులా ఉండే పెక్టిన్‌నూ, కణం గోడనూ అవి కరిగిస్తాయి. ఆ పైన ఆకు తన బరువుకో, చిన్న గాలికో ఊడిపోతుంది. కొమ్మ వైపు మిగిలిన కణాలు బెండు లాంటి పూత పూసుకుని గాయాన్ని మూసేస్తాయి.

మన పనికి ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. ఆకు రాలడంలో మూడు దశలు ఉంటాయి. మొదటి దశలో ఆక్సిన్ బాగా వస్తుంది, ఆకు గట్టిగా ఉంటుంది. రెండో దశలో ఆక్సిన్ తగ్గుతుంది, ఇథిలీన్ పెరుగుతుంది, పొర లొంగుతుంది. మూడో దశలో ఎంజైములు గోడలను కరిగిస్తుంటాయి. బయటి నుంచి ఇచ్చే ఆక్సిన్ మొదటి దశలోనే రాలడాన్ని ఆపగలదు. రెండో దశ ముదిరాక ఇస్తే అదే ఆక్సిన్ మొక్క చేత ఇంకా ఇథిలీన్ పుట్టించి రాలడాన్ని త్వరపెట్టగలదు. మూడో దశలో ఏం కొట్టినా ఆకు తిరిగి అతుక్కోదు. పసుపెక్కి వేలాడుతున్న ఆకును నిలబెట్టాలని చేసే పిచికారీ ఎందుకు దండగో ఇప్పుడు తెలుస్తుంది.

మిగతా హార్మోన్లు ఈ ఇద్దరి చుట్టూ తిరుగుతాయి. వేళ్లలో ఎక్కువగా తయారై పైకొచ్చే సైటోకైనిన్ ఆకును పచ్చగా ఉంచుతుంది. జిబ్బరెల్లిన్ కూడా కొన్ని మొక్కల్లో ఆ వైపే ఉంటుంది. జాస్మోనిక్ ఆమ్లం ముదరడాన్ని తొందరపెడుతుంది. అబ్సిసిక్ ఆమ్లం పేరు వింటే రాలడానికి అదే మూలమనిపిస్తుంది. 1960లలో పత్తి కాయలు రాలడాన్ని పరిశోధిస్తూ అడికాట్ బృందం దాన్ని వేరు చేసింది, పేరు అలా వచ్చింది. నిజానికి దాని అసలు పని నీటి ఎద్దడిలో ఆకు రంధ్రాలు మూయడం, గింజను నిద్రపుచ్చడం. చాలా పైర్లలో ఆకు రాల్చే పనిని అది నేరుగా చేయదు, ఆకును ముదిరించి, ఇథిలీన్‌ను పెంచి చేయిస్తుంది.

మొదటి అడుగు: రాలిన ఆకునూ, మిగిలిన మచ్చనూ చదవండి

ఉదయం పూట పొలంలో నాలుగు చోట్ల తిరిగి, రాలిన ఆకులు ఓ ఇరవై ఏరండి. అవి ఏ కొమ్మల నుంచి రాలాయో ఆ కొమ్మలనూ చూడండి.

కాడ చివర నున్నగా, కోసినట్టుగా ఉండి, కొమ్మ మీద కూడా నున్నటి మచ్చ ఉంటే మొక్కే ఆకును వదిలేసింది. ఇది హార్మోన్ల పని. కాడ చివర పీచులు వేలాడుతూ చిరిగినట్టుంటే గాలో, పశువో, మనిషో కారణం. వీటికి హార్మోన్లతో పనిలేదు.

ఆకు పూర్తిగా ఎండి, గోధుమ రంగుకు తిరిగి, అయినా కొమ్మను వదలకుండా ఉంటే అది ఇంకా పెద్ద చిక్కు. ఆకును విడదీయడం బతికున్న కణాలు చేసే పని. కొమ్మ చచ్చిపోతే ఆ పని చేసేవాళ్లు ఉండరు, ఆకు అంటుకునే ఉంటుంది. మంచు దెబ్బ తిన్న నిమ్మ, బత్తాయి చెట్లలో ఇది చక్కగా కనిపిస్తుంది. ఆకులు రాలిన కొమ్మ బతికి ఉంటుంది, ఎండుటాకులు పట్టుకుని ఉన్న కొమ్మ చాలావరకు చచ్చి ఉంటుంది. గోటితో బెరడు గీకి లోపల పచ్చదనం ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. రాలిందని బాధపడే ముందు ఈ తేడా చూసుకోవాలి.

నిమ్మజాతి చెట్లలో ఇంకో సూచన ఉంది. వాటికి విడిపోయే చోట్లు రెండు: కాడ కొమ్మకు అతికే చోట ఒకటి, రేకు కాడకు అతికే చోట ఇంకొకటి. రేకు మాత్రమే ఊడి కాడ కొమ్మకే మిగిలిపోతే హఠాత్తుగా ఏదో గట్టి దెబ్బ తగిలిందని అనుమానించాలి: వేడిగాలి, మందు కాలుడు, ఒక్కసారిగా నీరందకపోవడం వంటివి. వయసు ముదిరి రాలే ఆకు మామూలుగా కాడతో సహా పడుతుంది.

తరవాత ఏ వయసు ఆకులు రాలుతున్నాయో చూడండి. అడుగు ఆకులు మాత్రమే పసుపెక్కి రాలుతూ పైన చిగురు బాగుంటే అది నీడ కావచ్చు, నత్రజని లేదా మెగ్నీషియం కొరత కావచ్చు, లేదా సహజంగా ముదరడమే కావచ్చు. సోయా చిక్కుడు గింజ గట్టిపడే దశలో ఆకంతా పసుపెక్కి రాలితే కోతకు సిద్ధమవుతోందని అర్థం, దాన్ని ఆపే ప్రయత్నం చేయకూడదు. ముదురాకులతో పాటు నడిమి ఆకులు కూడా పచ్చిగానే, రెండు మూడు రోజుల్లో గుట్టగా పడితే నీటి సమస్యనో, గాలిలో ఇథిలీన్‌నో వెతకాలి. వరి, గోధుమ, మొక్కజొన్న, అరటి ఆకులకు ఇలాంటి విడిపోయే పొర పనిచేయదు. అవి మొక్క మీదే ఎండి వేలాడతాయి. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పత్తి, మిరప, టమాట, పప్పుధాన్యాలు, వేరుశనగ, పండ్ల చెట్ల లాంటి వాటికే.

చివరగా తాకి చూసే పరీక్ష. పది మొక్కలు ఎంచుకోండి. ఒక్కో మొక్కలో నడిమి ఎత్తున పది ఆకుల కాడలను వేలితో మెల్లగా కిందికి నొక్కండి, లాగొద్దు. వందలో ఎన్ని ఊడాయో రాసుకోండి. రెండు రోజుల తర్వాత అదే పొలంలో మళ్లీ చేయండి. సంఖ్య పెరుగుతుంటే కారణం ఇంకా పనిచేస్తోంది. తగ్గుతుంటే దెబ్బ గడిచిపోయింది, ఇప్పుడు రాలేవి ముందే తేలిపోయిన ఆకులు. ఏ మందు పనిచేసిందో ఏది చేయలేదో తేల్చుకోవడానికి కూడా ఈ లెక్కే ఆధారం. కంటి అంచనా మోసం చేస్తుంది.

రెండో అడుగు: గత పది రోజుల నీటి లెక్క తీయండి

ఆకురాల్పుకు తరచూ కనిపించే కారణం నీరే. ఎక్కువైనా అదే, తక్కువైనా అదే, తక్కువై ఆ పైన ఒక్కసారిగా ఎక్కువైతే మరీ.

నీరు నిలిచినప్పుడు జరిగేది ఇది. ఇథిలీన్ తయారీకి ముందు మొక్కలో ఏసీసీ అనే పదార్థం పుడుతుంది. ఏసీసీ ఇథిలీన్‌గా మారాలంటే ప్రాణవాయువు కావాలి. నీట మునిగిన వేళ్లకు అది అందదు. అందుకే వేళ్లలో ఏసీసీ పేరుకుని, నీటితో పాటు పైకెక్కి, గాలి ధారాళంగా ఉండే ఆకుల్లో ఇథిలీన్‌గా మారుతుంది. మునిగింది వేరు, రాలేది ఆకు. టమాటలో ఇది ఒకటి రెండు రోజుల్లోనే కనబడుతుంది: ఆకు కాడలు కిందికి వంగిపోతాయి. దీన్ని వాడిపోవడంగా పొరబడి ఇంకా నీళ్లు పెట్టేవాళ్లున్నారు, అది మొక్కను చంపే పొరపాటు. కాడను పట్టి చూడండి. వాడిన మొక్కలో రేకు మెత్తగా, కాడ వదులుగా ఉంటుంది. ఇథిలీన్ వంచిన కాడ బిర్రుగా, రేకు నిండుగా ఉంటుంది.

చేయాల్సిన పనులు ఈ వరుసలో:

1. ముందు నీరు తీసేయండి. వరుసల మధ్య మురుగు కాలువ తవ్వి పల్లం వైపు వదలండి. ఈ పని అయ్యే దాకా ఏ పిచికారీ చేసినా ఫలితం ఉండదు.
2. మట్టి పదునుకు రాగానే పైపైన రెండు మూడు అంగుళాలు గుల్ల చేయండి. లోతుగా తవ్వితే మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి.
3. దెబ్బతిన్న వేరు నత్రజని తీసుకోలేదు, సైటోకైనిన్ కూడా సరిగా పంపలేదు. కొన్ని రోజులు ఆకు మీదుగా ఇవ్వండి. లీటరు నీటికి యూరియా 10 నుంచి 20 గ్రాములు, లేత పైరైతే 10 గ్రాములే. పొద్దున్నో సాయంత్రమో కొట్టండి. నిమ్మజాతికైతే బైయూరెట్ అనే మలినం తక్కువున్న యూరియానే వాడాలి, లేకుంటే ఆకు కొనలు పసుపెక్కుతాయి.
4. నేలకు ఎరువు వేయడం కొత్త చిగురు కనిపించాకే.

బెట్ట కథ వేరు. నీరు తగ్గగానే అబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఆకు ముడుచుకుంటుంది, కానీ చాలావరకు అంటుకునే ఉంటుంది. ఎండిన రోజుల్లో వేళ్లలో ఏసీసీ పోగవుతుంది. దాన్ని పైకి మోసే నీటి ప్రవాహం మాత్రం ఉండదు. నీళ్లు పెట్టిన రోజు ఆ నిల్వంతా ఆకులకు ఎక్కుతుంది, ఇథిలీన్ ఒక్కసారిగా పుడుతుంది, తర్వాతి రెండు మూడు రోజుల్లో ఆకు రాలుతుంది. నిమ్మజాతి మొక్కల్లో ఇది బాగా రుజువైంది. ఎండినన్నాళ్లూ రాలని ఆకు తడి ఇచ్చాక రాలితే నీళ్లలో ఏదో ఉందనీ, తెగులు వచ్చిందనీ భయపడనక్కర్లేదు. ఆ భయంతో మళ్లీ మళ్లీ నీళ్లు ముంచెత్తితే వేరు దగ్గర గాలి పోయి పై చిక్కు కూడా తోడవుతుంది.

కాబట్టి బెట్ట తగిలిన తోటకు ఒకేసారి పాదు నిండా ముంచకుండా మొదట తక్కువ తడి, రెండు మూడు రోజులకు మామూలు తడి ఇవ్వండి. పాదులో ఎండుగడ్డో, ఆకులో పరిస్తే తడికీ తడికీ మధ్య తేమ మరీ పడిపోదు. ఆకు రాలిన చెట్టుకు నీటి అవసరం తగ్గుతుందన్న సంగతి మరవొద్దు. సగం ఆకు పోయిన చెట్టుకు పాత లెక్కలోనే నీళ్లు పెడితే వేరు కుళ్లుతుంది.

నీటిలో ఉప్పు ఎక్కువైనా ఇదే దారి పడుతుంది. అలాంటప్పుడు ముందు ఆకు కొన, అంచులు మాడి, ఆ తర్వాత ఆకు రాలుతుంది. కొన మాడకుండా రాలితే ఉప్పును అనుమానించకండి.

మూడో అడుగు: గాలిని అనుమానించండి

ఇది మూసి ఉన్న చోట్లకు మాత్రమే: పాలీహౌస్, నారు పెంచే గది, నారు మోసే బండి, నిల్వ గది. ఇథిలీన్ మొక్కలోనే పుట్టాలని లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో వీధి దీపాల గ్యాసు గొట్టాలు కారిన చోట చెట్ల ఆకులు రాలిపోయేవి. ఆ గ్యాసులో మొక్కను వంచేది ఇథిలీనేనని 1901లో నెల్యుబొవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త బఠాణీ మొలకల మీద తేల్చాడు. మొక్కలు తామే ఇథిలీన్ తయారు చేస్తాయని 1934లో గేన్ నిరూపించాడు.

గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు, అంటే 1 పీపీఎం ఉన్నా సున్నితమైన మొక్కలకు ఎక్కువే. 0.1 పీపీఎం దగ్గరే కొన్నింటిలో తేడా మొదలవుతుంది. సరిగా మండని హీటర్లు, ఇంజను పొగ, పక్కనే మాగుతున్న పండ్లు, మూల కుప్పపడి కుళ్లుతున్న ఆకులు దీనికి మూలాలు. చేయాల్సింది చెప్పడం సులభం: హీటరు పొగ గొట్టం బయటికి ఉందో లేదో, మంట నీలంగా ఉందో లేదో చూడండి. పండ్లనూ నారునూ ఒకే గదిలో, ఒకే బండిలో పెట్టకండి. రాలిన చెత్త రోజూ ఎత్తేయండి.

అనుమానం తీరకపోతే కుండీలో పెంచిన రెండు లేత టమాట మొక్కలను తెచ్చి, ఒకటి ఆ గదిలో, ఒకటి బయట నీడలో పెట్టి ఒకటి రెండు రోజులు చూడండి. రెంటికీ ఒకేలా నీళ్లు పెట్టాలి. గదిలోని దాని కాడలు మాత్రమే బిర్రుగా కిందికి వంగితే గాలిలో ఇథిలీన్ ఉన్నట్టే. ఖర్చు లేని ఈ పరీక్షను మించినది మామూలు రైతుకు దొరకదు.

ఇథిలీన్ తగిలే చోటును మొక్కలోనే మూసేసే 1-ఎంసీపీ అనే వాయువు ఉంది. ఇది గాలి బయటికి పోని గదుల్లో పండ్లు, పూలు, కుండీ మొక్కల కోసం ఎక్కువగా వాడేది. ఆరుబయట పైరు ఆకు రాలడానికి దాని జోలికి పోనక్కర్లేదు.

నాలుగో అడుగు: మీ పైరు మీదే ఆక్సిన్ పరీక్ష

ఆక్సిన్ ధార ఎంత ముఖ్యమో పుస్తకంలో చదవడం కంటే కళ్లతో చూడటం మేలు. మీ పైరు ఎంత త్వరగా ఆకు వదులుతుందో కూడా దీనితో తెలుస్తుంది. పత్తి, చిక్కుడు, కోలియస్ లాంటివి ఈ పరీక్షకు బాగుంటాయి.

1. ఒకే వయసున్న, ముదరని పచ్చి ఆకులు పదిహేను ఎంచి, దారం కట్టి గుర్తు పెట్టండి.
2. ఐదింటిని అలాగే వదిలేయండి. మిగతా పదింటిలో పదునైన బ్లేడుతో రేకును మాత్రం కోసేయండి. కాడ కొమ్మకే ఉండాలి.
3. 10 మిల్లీగ్రాముల ఎన్‌ఏఏ (కృత్రిమంగా తయారు చేసిన ఆక్సిన్) పొడిని కొన్ని చుక్కల ఆల్కహాల్‌లో కరిగించి 10 గ్రాముల లానోలిన్‌లో (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం లాంటి కొవ్వు) బాగా కలపండి. ఇది 0.1 శాతం ముద్ద. కోసిన కాడల్లో ఐదింటి చివర ఈ ముద్ద చిన్న బఠాణీ గింజంత పెట్టండి.
4. మిగిలిన ఐదింటికి మందు లేని లానోలిన్ మాత్రమే రాయండి. ఇది తప్పనిసరి. లేకుంటే ఫలితం మందు వల్లా, గాయం మూసుకోవడం వల్లా అన్నది తేలదు.
5. రోజూ ఒకే వేళకు కాడలను వేలితో మెల్లగా తాకండి.

వెచ్చటి వాతావరణంలో ఉత్త లానోలిన్ రాసిన కాడలు సాధారణంగా వారం లోపే ఊడిపోతాయి. ఆక్సిన్ పెట్టినవి ఆకు లేకపోయినా నిలుస్తాయి. కోసిన మూడు నాలుగు రోజుల తర్వాత ఆక్సిన్ పెట్టి చూడండి, నిలవకపోవడమో, ఇంకా ముందే పడటమో కనిపిస్తుంది. దశ దాటాక మందు పనిచేయదన్న మాటకు ఇదే రుజువు. పురుగు రేకంతా తినేసిన ఆకుల కాడలు ఎందుకు రాలతాయో కూడా దీంతోనే తెలుస్తుంది.

ఐదో అడుగు: పోషకాలు, నీడ, తెగులు

నత్రజని చాలకపోతే వేళ్ల నుంచి సైటోకైనిన్ తగ్గి, మొక్క అడుగు ఆకుల్లోని నత్రజనిని లాగి చిగురుకు పంపుతుంది, అడుగాకు పసుపెక్కి పడుతుంది. మెగ్నీషియం కొరతైతే ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపవుతుంది. నిమ్మజాతిలో ఆకు మొదట్లో పచ్చటి త్రికోణం మిగులుతుంది. దీనికి లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయొచ్చు. జింకు లేకపోతే మొక్కలో ఆక్సిన్ నిల్వలే తగ్గుతాయి. చిన్నచిన్న ఆకులు, దగ్గర దగ్గర కణుపులు దాని గుర్తులు. లీటరుకు జింకు సల్ఫేట్ 5 గ్రాములు, దాని పులుపు విరగడానికి తడి సున్నం 2.5 గ్రాములు కలిపి వడకట్టి కొట్టండి. సున్నం లేకుండా కొడితే ఆకు మాడి, ఆ గాయమే ఇథిలీన్ పుట్టించి ఆకును రాల్చొచ్చు. వైద్యమే జబ్బవుతుంది.

గుబురైన పైరులో అడుగు ఆకులకు వెలుతురు అందక రాలితే అది నష్టం కాదు. ఆ ఆకులు సంపాదించేదానికంటే ఖర్చు చేసేదే ఎక్కువ.

తెగులు వల్ల ఆకు రాలడంలో ఇథిలీన్ వాటా చాలా ఉంటుంది. వేరుశనగ తిక్క ఆకుమచ్చ తెగులులో మచ్చలు ఆకులో కొంత భాగాన్నే ఆక్రమించినా ఆకు మొత్తం రాలిపోతుంది. శిలీంధ్రం దాడికి మొక్క పుట్టించే ఇథిలీన్ అందుకు కారణం. పత్తిలో వెర్టిసిలియం ఎండు తెగులులో ఒక రకం ఆకులన్నిటినీ రాల్చేస్తుంది. ఇలాంటి చోట హార్మోన్ పిచికారీ అర్థం లేనిది. మచ్చలు అడుగాకుల్లో కనిపించగానే శిలీంధ్రనాశిని కొట్టడమే ఆకును నిలిపే మార్గం. మచ్చల మొక్కల్లో తాకుడు పరీక్ష చేసి, మచ్చ ఉన్న ఆకులూ లేనివీ వేరు వేరుగా లెక్కపెడితే తేడా స్పష్టంగా కనబడుతుంది.

ఆరో అడుగు: ఎన్‌ఏఏ వాడాలనుకుంటే

ఎన్‌ఏఏ ప్రధానంగా పూత, పిందె, కాయ రాలడానికి వాడేది. ఆకు రాలడానికి దాన్ని మొదటి మందుగా సిఫారసు చేయలేం. అయినా చాలామంది వాడతారు కాబట్టి లెక్క తప్పకుండా చూసుకోవాలి.

4.5 శాతం ద్రావణం అంటే మిల్లీలీటరులో 45 మిల్లీగ్రాముల మందు. 10 పీపీఎం కావాలంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 4.5 లీటర్లకు 1 మిల్లీలీటరు. 15 లీటర్ల పంపుకు 3.3 మిల్లీలీటర్లు, 20 పీపీఎం అయితే 6.7. సీసా మూతతో కొలవడం ఇక్కడ పనికిరాదు, సూది లేని సిరంజితో కొలవండి. మోతాదు పెరిగితే మొక్క ఆ అదనపు ఆక్సిన్‌కు బదులుగా ఇథిలీన్ పుట్టిస్తుంది, ఆపాలనుకున్నదే ఎక్కువవుతుంది. ఆకులు కిందికి ముడుచుకుని, కాడలు మెలిదిరిగితే మోతాదు మించిందని అర్థం.

సమయం మోతాదు కంటే ముఖ్యం. ఆపిల్‌లో పూత అయ్యాక ఒకటి నుంచి మూడు వారాల్లో ఎన్‌ఏఏ కొట్టి అదనపు పిందెలను రాలుస్తారు. అదే ఎన్‌ఏఏను కోతకు ముందు కొట్టి కాయ రాలకుండా ఆపుతారు. మోతాదులో పెద్ద తేడా ఉండదు, మారింది మొక్క దశ. కాబట్టి పక్క పైరుకు పనిచేసిందని మీ పైరుకు అదే రోజు కొట్టకండి. నీట మునిగిన, బెట్టకు వాడిన మొక్కకు అసలు కొట్టకండి.

2,4-డి కూడా ఆక్సిన్ జాతిదే. కలుపు మందుగా అది కొట్టిన పంపులో మిగిలిన తడే పత్తి, టమాట ఆకులను పీలికల్లా మార్చడానికి చాలు. కలుపు మందు పంపు వేరుగా పెట్టుకోవడం ఒక్కటే నమ్మదగిన జాగ్రత్త.

కావాలనే ఆకు రాల్చాలంటే

కొన్నిచోట్ల ఇదంతా తిరగేసి వాడతాం. యంత్రంతో తీసే పత్తిలో ఆకు ముక్కలు దూదికి అంటకుండా ముందే ఆకు రాల్చాలి. దానిమ్మలో పూత ఒకేసారి రావడానికి ఆకు దులుపుతారు.

పత్తిలో తొందరపడితే కాయ నిండకముందే తిండి ఆగిపోయి దూది తేలికవుతుంది. కాయల్లో కనీసం 60 శాతం పగిలాక గానీ మొదలుపెట్టొద్దు. ఇంకో కొలత: పగిలిన కాయల్లో అన్నిటికంటే పైదాని నుంచి, కోయదగ్గ పైకాయ దాకా నాలుగు కణుపులకు మించి ఉండకూడదు. పైన మిగిలిన కాయను కత్తితో అడ్డంగా కోయండి. గింజ తోలు గోధుమ రంగులో ఉండి, లోపల మడతపడిన బీజదళాలు కనిపించి, దూది పోగులుగా సాగితే అది ముదిరినట్టే.

థిడియాజురాన్ అనే మందు పత్తి ఆకును పచ్చిగానే రాలుస్తుంది. ఇది సైటోకైనిన్ గుణమున్న పదార్థం, పచ్చగా ఉంచాల్సింది. పత్తిలో మాత్రం ఇథిలీన్ పెంచి, ఆక్సిన్ ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోతే దీని పని బాగా మందగిస్తుంది. ఆకులోకి ఇంకడానికి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి ఒక రోజు పాటు వాన లేని వేళ చూసుకోవాలి. బెట్టకు ఆకు మీది మైనపు పొర మందమైతే మందు లోపలికి సరిగా పోదు. చివర్లో వేసిన నత్రజని మిగిలి ఉంటే ఆకు రాలాక కొత్త చిగురు పుట్టుకొస్తుంది. ఆ లేత ఆకు ఆక్సిన్‌తో నిండి ఉంటుంది కాబట్టి దాన్ని రాల్చడం చాలా కష్టం.

ఇథెఫాన్ అనే మందు మొక్క లోపలికి వెళ్లాక విరిగి ఇథిలీన్ వదులుతుంది. బాగా పుల్లటి ద్రావణంలో, అంటే పీహెచ్ 4 కంటే తక్కువలో నిలకడగా ఉంటుంది, అంతకు మించితే విరగడం మొదలవుతుంది. అందుకే సున్నం, బోర్డో మిశ్రమం లాంటి వాటితో కలపకూడదు, కలిపి ఉంచి మర్నాడు కొట్టకూడదు. ఇథిలీన్ పంపులోనే పోతుంది. చల్లటి వాతావరణంలో నెమ్మదిగా విరుగుతుంది, మరీ ఎండలో త్వరగా విరిగి ఎక్కువ దెబ్బ తీస్తుంది. 39 శాతం మందులో మిల్లీలీటరుకు దాదాపు 390 మిల్లీగ్రాములుంటాయి. దానిమ్మలో లీటరుకు 1 నుంచి 2.5 మిల్లీలీటర్లు వాడతారు, అంటే సుమారు 390 నుంచి 975 పీపీఎం. ముందుగా నీరు ఆపి ఆకు ఎంత పసుపెక్కిందో చూసి మోతాదు నిర్ణయించాలి. ఎక్కువ పసుపెక్కితే తక్కువ మోతాదు, పచ్చగా ఉంటే ఎక్కువ. పసుపెక్కిన చెట్టుకు పై మోతాదు కొడితే చిన్న కొమ్మలు కూడా ఎండిపోతాయి. ఈ మందు చర్మాన్నీ కళ్లనూ మంటపెట్టే ఆమ్లం. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. మీ ప్రాంతంలో ఏ పైరుకు అనుమతి ఉందో, ఎంత వాడాలో లేబుల్ మీద చూసి దానికే కట్టుబడండి.

రాల్చే మందులో తరచూ జరిగే తప్పు మోతాదు పెంచడం. గట్టి దెబ్బ తగిలితే విడిపోయే పొర తన పని పూర్తి చేయకముందే కణాలు చచ్చిపోతాయి. ఆకు రాలకుండా ఎండి కొమ్మకే అంటుకుంటుంది, ఆ పైన పొడై దూదిలో కలుస్తుంది. మంచు దెబ్బ తిన్న కొమ్మలో చూసిందే ఇక్కడా జరుగుతుంది. రాల్చడానికి ఆకు బతికుండాలి.

పిచికారీ తర్వాత ఐదో రోజునా, పదో రోజునా తాకుడు పరీక్ష చేయండి. ఐదో రోజుకే వందలో సగం పైగా ఊడుతుంటే రెండో పిచికారీ అక్కర్లేదు. పదో రోజుకు కూడా అటూ ఇటూగా ఉంటే రాత్రి ఉష్ణోగ్రతలు రాసి ఉంచిన కాగితం తీసి చూడండి. చలి పడిన రాత్రులు ఎక్కువుంటే మరో డోసు కంటే మరికొన్ని వెచ్చటి రోజులు ఆగడం మంచిది. ఎండి అంటుకున్న ఆకులు ఎక్కువుంటే మళ్లీ కొట్టకండి, వాటిని రాల్చే మందు లేదు.